చీర ఎరుపు ఎక్కడ మారింది? ఎడిటర్‌కి ఏ మానిటర్ మంచిది?

ప్రశ్న: అన్నా, మాది ఏలూరు. ఆరేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. ఈ మధ్య రెండు షార్ట్ ఫిల్ములు, నాలుగైదు ప్రైవేటు పాటలు కూడా వచ్చాయి. 15.6 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ ఉంది, అందులో ఆర్‌టీఎక్స్ 3050 కార్డు. పక్కన పాత 22 అంగుళాల మానిటర్ తగిలించుకున్నాను. ప్రీమియర్‌లో కట్ చేస్తాను, డావిన్సీ రిజాల్వ్‌లో కలర్ నేర్చుకుంటున్నాను. మొన్న ఒక పెళ్లికూతురు ఫోన్ చేసి, ‘నా చీర మెరూన్ రంగు, మీరు నిప్పులా మార్చేశారు’ అంది. వాళ్ల నాన్నగారి టీవీలో వేస్తే ముఖాలన్నీ పచ్చకామెర్లు వచ్చినట్టు ఉన్నాయట. నా స్క్రీన్ మీద మాత్రం రెండూ బాగానే ఉన్నాయి. మంచి మానిటర్ కొందామని 80 వేలు దాచుకున్నాను. ఫ్రెండేమో 34 అంగుళాల కర్వ్‌డ్ అల్ట్రావైడ్ తీసుకోమంటాడు. షాపతను 27 అంగుళాల 4కే రెండు తీసుకోమంటాడు. ఓఎల్‌ఈడీ టీవీ పెట్టుకుంటే హెచ్‌డీఆర్ కూడా చేసేయొచ్చని ఇంకొకరు. డల్లాస్‌లో ఉన్న మా బావ వచ్చే నెల వస్తూ ఒక మానిటర్ తెస్తానంటున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం కొనమంటారు?

సమాధానం: అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఏం కొనాలో తర్వాత చెబుతాను. ముందు ఆ చీర సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే నీ ప్రశ్నకి సగం జవాబు ఆ చీరలోనే ఉంది. నీ ల్యాప్‌టాప్ మోడల్ పేరు కొట్టి స్పెసిఫికేషన్లలో డిస్‌ప్లే దగ్గర ఏం రాశారో చూడు. ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్లు’ అని ఉండే అవకాశం చాలా ఎక్కువ. మన దగ్గర ఆ ధరలో అమ్మే గేమింగ్ ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి ఇదే ప్యానెల్ వేస్తారు. గ్రాఫిక్స్ కార్డుకి పెట్టిన డబ్బు స్క్రీన్ దగ్గర మిగుల్చుకుంటారన్నమాట. నిట్ అంటే స్క్రీన్ వెలుగుకి కొలత. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే, వీడియోలో ఉండాల్సిన రంగుల్లో మూడింట రెండొంతుల కంటే కూడా కాస్త తక్కువే ఆ స్క్రీన్ చూపించగలదని అర్థం. ముందుగా దెబ్బతినేది ఎరుపు. కాంచీపురం పట్టు మెరూన్ దాని మీద వెలిసిపోయిన ఇటుక రంగులా కనబడుతుంది. నీకేమో మండపంలో చూసిన చీర గుర్తుంది కాబట్టి శాచురేషన్, అంటే రంగు చిక్కదనం, పెంచావు. ఇంకా చాల్లేదనిపించి ఇంకొంచెం పెంచావు. జలుబు చేసినవాడు కూరలో ఉప్పు చూసినట్టు అయింది పని. ఆ అమ్మాయి ఫోన్‌లో ఓఎల్‌ఈడీ స్క్రీన్ ఉండి, అది రంగులు పెంచి చూపించే వివిడ్ మోడ్‌లో కూడా ఉంటే, నువ్వు వేసిన ఉప్పంతా ఒక్కసారిగా తగులుతుంది.

ముఖాలు పచ్చబడటం కూడా దీనికి చుట్టమే. ఇలాంటి ప్యానెళ్లు చాలావరకు నీలం వైపు మొగ్గుతాయి. తెలుపు తెల్లగా కాకుండా చల్లగా కనబడుతుంది. నువ్వు ముఖాలకి వెచ్చదనం తేవాలని టెంపరేచర్ స్లైడర్ పసుపు వైపు జరిపావు. వాళ్ల నాన్నగారి టీవీ సినిమా మోడ్‌లోనో, వార్మ్ సెట్టింగ్‌లోనో ఉండి ఉంటుంది. పైగా పెళ్లికూతురి ముఖానికి పసుపు ఉండనే ఉంది, మండపం మీద పసుపు లైట్లు ఉన్నాయి, వాటికి తోడు నీ పసుపు.

అంటే ఇప్పుడు నీకు కావాల్సింది ఎక్కువ స్క్రీన్లూ కాదు, పెద్ద స్క్రీనూ కాదు. నిజం చెప్పే స్క్రీన్ ఒక్కటి. నువ్వు పని చేసుకునే స్క్రీన్ వేరు, చూసి తీర్పు చెప్పే స్క్రీన్ వేరు. టైమ్‌లైన్, బిన్లు, ఎఫెక్ట్స్ పేనల్, వాట్సాప్‌లో క్లయింట్ పంపే ‘బ్రో, ఆ పాట మార్చు’ మెసేజ్, ఇవన్నీ ఏ స్క్రీన్ మీద ఉన్నా ఫర్వాలేదు. బొమ్మ ఉండే స్క్రీన్ మాత్రం అబద్ధం చెప్పకూడదు. సినిమాలకి రంగులు సరిదిద్దే ప్రతి పెద్ద డీఐ సూట్‌లోనూ జరిగేది ఇదే. సాఫ్ట్‌వేర్ కనబడే మానిటర్లు మామూలువి, కలరిస్ట్ కళ్ల ఎదుట బొమ్మ కనబడే మానిటర్ ఒక్కటే రిఫరెన్స్.

‘ఒక్కొక్కళ్ల ఫోన్ ఒక్కోలా ఉంటే నా స్క్రీన్ ఒక్కటి సరిగ్గా ఉండి ఏం లాభం?’ అని నువ్వు అడగొచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే వాదించేవాణ్ని. వీడియోకి ఒక కొలబద్ద ఉంది. హెచ్‌డీ కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1990లో తెచ్చిన ప్రమాణం అది, పని చేసేవాళ్లు రెక్ 709 అంటారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతవరకు వెళ్లాలి, తెలుపు ఎలా ఉండాలి అన్నది అందులో ఉంటుంది. తెలుపుకి డీ65 అని పేరు, దాదాపు 6500 కెల్విన్. నీడల నుంచి వెలుగు దాకా మెట్లు ఎలా ఎక్కాలి అన్న గామా లెక్క 2011లో విడిగా ఇచ్చారు. చీకటి గదిలో 2.4, పూర్తి తెలుపు 100 నిట్లు. యూట్యూబ్‌లో మామూలు వీడియో వేసినా, పెన్‌డ్రైవ్‌లో పెట్టి టీవీకి గుచ్చినా, ఆ పరికరం నీ ఫైల్‌ని రెక్ 709 అనుకునే చదువుతుంది. ఒక ఫోన్ దాన్ని కాస్త ఎక్కువ చేసి చూపిస్తుంది, ఒక టీవీ కాస్త తక్కువ చేస్తుంది. నువ్వు మధ్యలో ఉంటే అటు ఫోన్‌కీ ఇటు టీవీకీ దూరం సమానం. నువ్వే ఒక చివర ఉంటే రెండో చివర ఉన్నవాళ్లు నీకు ఫోన్ చేస్తారు, ఆ పెళ్లికూతురు చేసినట్టు. ఇంకో సంగతి. ఆ అమ్మాయి ఆ ఫోన్‌లో రోజూ వందల వీడియోలు చూస్తుంది, అవన్నీ కొంచెం ఎక్కువ రంగుతోనే కనబడతాయి, ఆమె కన్ను దానికి అలవాటు పడి ఉంటుంది. మిగతా వాటి పక్కన నీది తేడాగా ఉంటేనే పట్టుకుంటుంది.

ఇప్పుడు నీకు వచ్చిన సలహాలు చూద్దాం.

34 అంగుళాల అల్ట్రావైడ్ చెడ్డ వస్తువేమీ కాదు. సౌండ్ ఎడిటింగ్ చేసేవాళ్లకి, గంటల కొద్దీ పొడుగాటి టైమ్‌లైన్ మీద బతికేవాళ్లకి అది బంగారం. నీకెందుకు వద్దంటున్నానంటే, దాని నిలువు 1440 పిక్సెళ్లే. 4కే ఫుటేజ్ నిలువు 2160. నీ కెమెరామన్ ఫోకస్ తలంబ్రాల మీద పడిందా, పెళ్లికూతురి కంటి మీద పడిందా అన్నది అక్కడ పిక్సెల్‌కి పిక్సెల్‌గా చూడాలంటే జూమ్ చేయాల్సిందే, ఫ్రేమ్ మొత్తం ఒకేసారి పట్టదు. పైగా నీ బడ్జెట్‌లో దొరికే వంపు స్క్రీన్లలో చాలావరకు వీఏ ప్యానెళ్లు. వీఏ, ఐపీఎస్ అనేవి ఎల్‌సీడీ స్క్రీన్లలో రెండు రకాలు. వీఏలో నలుపు ఐపీఎస్ కంటే గాఢంగా ఉంటుంది, అది నిజమే, కాంట్రాస్ట్ దాదాపు మూడింతలు. కానీ ఎదురుగా కాకుండా కాస్త పక్కనుంచి చూస్తే నీడలు మారిపోతాయి. 34 అంగుళాల వెడల్పులో నువ్వు నడుమ కూర్చుంటే, రెండు అంచులూ నీకు పక్కవే. క్లయింట్ నీ కుర్చీ పక్కన స్టూల్ వేసుకుని చూసే బొమ్మ, నువ్వు చూసే బొమ్మ ఒకటి కావు. గేమ్ ఆడటానికి ఇది పట్టింపు కాదు, గ్రేడింగ్‌కి, అంటే రంగులు సరిదిద్దే పనికి, పట్టింపు. నీ ఫ్రెండ్ గేమ్స్ ఆడతాడా? నాకెందుకో ఆడతాడనే అనిపిస్తోంది.

రెండు 4కే మానిటర్లు తీసుకోమన్న షాపతను సగం సరిగ్గా చెప్పాడు. మిగతా సగం అతని లాభం. 80 వేలని రెండు ముక్కలు చేస్తే రెండు మధ్యరకం స్క్రీన్లు వస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టాక తెలుస్తుంది అసలు తలనొప్పి. ఒకే మోడల్, ఒకే రోజు కొన్నవి కూడా తెలుపు దగ్గర తేడా చూపిస్తాయి, ఒకటి గులాబీ వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు. ఏది నిజమో కొలిచే సాధనం నీ దగ్గర ఉండదు, డబ్బంతా స్క్రీన్లకే అయిపోయింది కాబట్టి.

ఓఎల్‌ఈడీ టీవీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాలా గ్రేడింగ్ రూముల్లో క్లయింట్ సోఫా ఎదురుగా పెద్ద ఓఎల్‌ఈడీ టీవీ ఉంటుంది, దాని నలుపు చూస్తే కళ్లు తిప్పుకోలేం. అయితే అది క్లయింట్‌కి, అది కూడా బొమ్మ మాత్రమే ఫుల్ స్క్రీన్‌లో నడిచే తెర. నువ్వు దాని మీద రోజుకి పది గంటలు ప్రీమియర్ తెరిచి పెడితే, కదలని మెనూలు, టైమ్‌లైన్ గీతలు ఆ ప్యానెల్ మీద మచ్చలుగా మిగిలే ప్రమాదం ఉంది. ఇంకోటి, తెర నిండా తెలుపు వస్తే ఆ టీవీ తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో తీసిన ఎదురుకోలు సీన్ గ్రేడ్ చేస్తుంటే, వెలుగు తగ్గించింది నువ్వా టీవీయా అన్నది తెలియదు.

హెచ్‌డీఆర్, అంటే మామూలు వీడియో కంటే చాలా ఎక్కువ వెలుగు చూపించే పద్ధతి, ఇప్పుడు వద్దు. మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఓటీటీ సంస్థలకి డాల్బీ విజన్ (ఒక రకం హెచ్‌డీఆర్) మాస్టర్ తయారు చేసే సూట్లలో కనీసం 1000 నిట్లు ఇచ్చే రిఫరెన్స్ మానిటర్లు ఉంటాయి. సోనీ బీవీఎం-హెచ్‌ఎక్స్310 లాంటివి. వాటి ధర లక్షల్లో ఉంటుంది, నీ 80 వేలు దాని పక్కన టీ ఖర్చు. మన షాపుల్లో పెట్టె మీద ‘హెచ్‌డీఆర్10’ అని స్టిక్కర్ ఉన్న 350 నిట్ల మానిటర్ ఉందే, అది హెచ్‌డీఆర్ సిగ్నల్ వస్తే తిరగగొట్టకుండా లోపలికి తీసుకుంటుంది, అంతే. చూపించడం వేరే విషయం. నిన్ను హెచ్‌డీఆర్ అడిగే క్లయింట్ వచ్చిన రోజు ఆ రెండు రోజులకి సూట్ అద్దెకి తీసుకో.

మరి ఏం కొనాలి? 27 అంగుళాల 4కే ఐపీఎస్ ఒక్కటి. రెక్ 709 లేదా ఎస్‌ఆర్‌జీబీ (కంప్యూటర్ స్క్రీన్ల రంగుల కొలబద్ద) దాదాపు 100 శాతం చూపించేది. ఈ రెంటి పేర్లు వేరైనా మూడు మూల రంగులూ, తెలుపూ ఒకటే, తేడా గామాలోనే. కాబట్టి పెట్టె మీద ఏది రాసి ఉన్నా సరే. ఆసుస్ ప్రోఆర్ట్ పీఏ279సీవీ, డెల్ అల్ట్రాషార్ప్ యూ2723క్యూఈ ఈ కోవలోవి. బెన్‌క్యూ పీడీ సిరీస్‌లో కూడా ఉన్నాయి. నేను పేర్లు చెప్పింది ఏ రకం అన్నది తెలియడానికే. నువ్వు వెళ్లేసరికి కొత్త నంబర్లు వస్తాయి, ధరలు వారానికోసారి మారుతుంటాయి. అందుకే వాటాల్లో చెబుతాను. ఉన్నదాంట్లో సగం, మరీ అయితే సగం పైన కాస్త, ఈ మానిటర్‌కి. తర్వాతి వాటా కాలిబ్రేటర్‌కి, అంటే స్క్రీన్ రంగులు కొలిచి సరిచేసే పరికరానికి. మిగిలింది గదికి, యూపీఎస్‌కి. రెండో స్క్రీన్‌కి ఒక్క రూపాయి కూడా పెట్టకు. నీ 22 అంగుళాల పాతది టైమ్‌లైన్ కోసం చక్కగా సరిపోతుంది.

4కే తప్పనిసరా అంటే, రంగుకి కాదు, ఫోకస్ చూసుకోవడానికి. డబ్బు సరిపోకపోతే 1440 పిక్సెళ్ల 27 అంగుళాల మానిటర్, దానితో కాలిబ్రేటర్ తీసుకో. కాలిబ్రేటర్ లేని 4కే కంటే అది నిన్ను బాగా కాపాడుతుంది.

స్పెసిఫికేషన్లలో 144 హెర్ట్జ్, 1 మిల్లీసెకండ్ లాంటివి చదవకుండా దాటెయ్. 10 బిట్ అని ఉంటే, చిన్న అక్షరాల్లో ‘8 బిట్ ప్లస్ ఎఫ్ఆర్‌సీ’ అని ఉంటుంది, అంటే 8 బిట్ ప్యానెలే 10 బిట్‌లా నటిస్తుంది, నీ బడ్జెట్‌కి అది చాలు. ఒక్కో రంగుకి 8 బిట్‌లో 256 మెట్లు, 10 బిట్‌లో 1024. తెల్లవారుజామున 3 గంటల ముహూర్తం, మండపం వెనక నీలం లైట్ల వెలుగు గోడ మీద పైకి వెళ్తూ సన్నగిల్లుతుంది కదా, అక్కడ మెట్లు మెట్లుగా చారలు కనబడుతుంటే తప్పు ఫుటేజ్‌దా స్క్రీన్‌దా అని తేల్చుకోవడానికి 10 బిట్ పనికొస్తుంది. మన వాళ్లు చాలామంది కెమెరాలో 8 బిట్‌లోనే తీస్తారు కాబట్టి చాలాసార్లు తప్పు ఫుటేజ్‌దే.

కేబుల్ దగ్గర మోసపోకు. షాపులో చేతికందిన పాత హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి పంపిస్తారు. ల్యాప్‌టాప్ పోర్ట్ 1.4 రకం అయితే 4కే సెకనుకి 30 సార్లే వస్తుంది, మౌస్ జిగురులో ఈదినట్టు ఉంటుంది. 2.0 లేదా ఆపైన ఉంటే 60 వస్తుంది. నీ ల్యాప్‌టాప్‌కి బొమ్మ పంపగలిగే యూఎస్‌బీ-సీ ఉంటే ఇంకా మంచిది, కొత్త మానిటర్‌ని దానికి పెట్టి, హెచ్‌డీఎంఐని పాత 22కి వదిలెయ్. అలాంటి పోర్ట్ లేకపోతే 22ని ఎవరికైనా ఇచ్చెయ్, ల్యాప్‌టాప్ స్క్రీనే నీ టైమ్‌లైన్ అవుతుంది.

కొత్తది తగిలించిన రోజే ఒకటి చూసుకో. హెచ్‌డీఎంఐలో వీడియో రేంజ్ అని ఒక గొడవ ఉంది. కంప్యూటర్ నలుపుని 0, తెలుపుని 255 అంటుంది. టీవీ లెక్కలో నలుపు 16, తెలుపు 235. గ్రాఫిక్స్ కార్డు ఒక లెక్కలో పంపి, మానిటర్ ఇంకో లెక్కలో చదివితే బొమ్మ పాలిపోయి బూడిదలా ఉంటుంది, లేదా నీడలన్నీ తారులా ముద్దకడతాయి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ ‘ఫుల్’ అని ఉందో లేదో, మానిటర్ మెనూలో కూడా అదే ఉందో లేదో చూడు. నేను ఒకసారి ఇది చూసుకోకుండా రాత్రంతా ఒక పాటలో నీడలు పైకి లేపాను. పొద్దున్న డైరెక్టర్ గారు తన ల్యాప్‌టాప్‌లో చూసి ‘పొగమంచు ఎప్పుడు తీశాం?’ అని అడిగారు.

ఇక అమరిక. కట్ చేసేటప్పుడు కొత్త 27ని సరిగ్గా నీ ముక్కుకి ఎదురుగా పెట్టు, టైమ్‌లైన్ ఉన్న 22ని కాస్త పక్కకి తిప్పు. రెండు స్క్రీన్ల అతుకు ముక్కు ఎదురుగా వచ్చేలా పెట్టుకుంటారు కొందరు. ఆరు నెలలకి మెడ పట్టేసి ఫిజియోథెరపీకి పోతారు. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ దగ్గరికి వెళ్తే ఏ మానిటర్ మీద బొమ్మ ఫుల్ స్క్రీన్‌లో రావాలో టిక్ పెట్టొచ్చు, 27కి పెట్టు. అక్కడే జనరల్‌లో గానీ కలర్‌లో గానీ డిస్‌ప్లే కలర్ మేనేజ్‌మెంట్ అనేది ఉంటుంది, నీ వెర్షన్‌ని బట్టి చోటు మారుతుంది, దాన్ని ఆన్ చెయ్. రిజాల్వ్‌లో కలర్ చేసేటప్పుడు మాత్రం విండో మొత్తం 27 మీదే ఉంచి, రంగులని గ్రాఫులుగా చూపించే స్కోప్స్‌ని పక్క స్క్రీన్‌కి లాగు. పెద్ద సూట్లలో బొమ్మని విండోస్ చేతికి చిక్కకుండా విడిగా బ్లాక్‌మ్యాజిక్ డెక్‌లింక్ కార్డు ద్వారా బయటికి పంపుతారు. దానికి డెస్క్‌టాప్‌లో పీసీఐఈ స్లాట్ కావాలి. డెస్క్‌టాప్ కట్టించుకున్న రోజు గుర్తుపెట్టుకో, ఇప్పుడు దాని జోలికి వెళ్లకు.

కాలిబ్రేటర్ అంటే అరచేతిలో పట్టే చిన్న పరికరం. స్క్రీన్ మీద వేలాడదీస్తే రంగులు ఒక్కొక్కటీ చదివి, ఎక్కడ తేడా ఉందో సరిచేస్తుంది. కాలిబ్రైట్, డేటాకలర్ స్పైడర్ ఈ రెండు పేర్లు వింటావు. కాలిబ్రైట్ అంటే ఒకప్పటి ఎక్స్-రైట్ వాళ్ల వరసే, 2021 నుంచి ఈ పేరుతో వస్తోంది. దాంతో వచ్చే సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే డిస్‌ప్లేకాల్ అని ఉచితంగా దొరుకుతుంది. మానిటర్ ఆన్ చేసి అరగంట వేడెక్కనిచ్చి, టార్గెట్లు ఇలా ఇవ్వు: తెలుపు డీ65, వెలుగు 100 నుంచి 120 నిట్లు, గామా నీ గది చీకటిగా ఉంచగలిగితే 2.4, పగలు వెలుతురులో పని చేస్తే 2.2. నెలకి ఒకసారి మళ్లీ చెయ్. మొదటిసారి చేశాక స్క్రీన్ పసుపుగా, వెలుగు చచ్చినట్టు కనబడుతుంది. ‘పాడైపోయింది’ అనుకుని తీసేస్తారు చాలామంది. తీయకు. నీ కన్ను ఆరేళ్లుగా నీలానికి అలవాటు పడింది, రెండు మూడు రోజులు టైమ్ ఇవ్వు.

గది గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఎవ్వరూ రాయరు. నా కథ చెబుతాను. మణికొండలో మొదట్లో ఒక చిన్న రూమ్‌లో పని చేసేవాణ్ని. ఇంటి ఓనర్ గోడలకి చిలకాకుపచ్చ రంగు వేయించాడు, ఆయనకి ఆ రంగు ఇష్టం. నా వెనక ట్యూబ్‌లైట్, ఎదురుగా ఆ ఆకుపచ్చ గోడ, మధ్యలో అప్పు చేసి కొన్న మంచి మానిటర్. ఒక షార్ట్ ఫిల్మ్ అక్కడే గ్రేడ్ చేసి ప్రివ్యూ థియేటర్‌లో వేశాం. హీరో ముఖం, హీరోయిన్ ముఖం, హీరోయిన్ తాతగారి ముఖం, అందరూ ఆకుపచ్చ ఛాయలో ఉన్నారు. మానిటర్ తప్పు కాదు. గంటల తరబడి ఆకుపచ్చ చూసిన కన్ను ఆకుపచ్చని లెక్కలోంచి తీసేసి, తెర మీది బొమ్మని గులాబీగా చూస్తుంది. ఆ గులాబీని తగ్గించాలని నా చెయ్యి తెలియకుండానే ఆకుపచ్చ వైపు తోసింది. మర్నాడే ఓనర్ గారిని బతిమాలి, నా డబ్బులతో ఎదురు గోడకి బూడిద రంగు వేయించాను. మానిటర్‌కి పెట్టిన డబ్బులో ఇరవయ్యో వంతు కూడా కాలేదు.

నువ్వు కూడా మానిటర్ వెనక గోడకి ఏ రంగూ మొగ్గని బూడిద వేయించు. లేదా బూడిద రంగు గుడ్డ కట్టు, అదీ చాలు. నెత్తి మీద ట్యూబ్‌లైట్ ఆపి, మానిటర్ వెనక 6500 కెల్విన్ అని రాసి ఉన్న ఎల్‌ఈడీ పెట్టి వెలుతురు గోడ మీద పడేలా మళ్లించు, అది కళ్లకి కూడా హాయి. కిటికీ నీ వీపు వెనక ఉంటే స్క్రీన్ అద్దం అవుతుంది, ఎదురుగా ఉంటే కళ్లు మూసుకుపోతాయి, పక్కన ఉండాలి, దానికి మందపాటి కర్టెన్ ఉండాలి. కలర్ చేసే రోజు ఎర్ర టీషర్టు వేసుకోకు. నవ్వకు, నిజమే చెబుతున్నాను, స్క్రీన్ మీద పడుతుంది.

స్కోప్స్ గురించి కొంచెం. ఇవి ఉచితం, నీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి, కాలిబ్రేటర్ వచ్చేదాకా నీకు దిక్కు ఇవే. వెక్టర్‌స్కోప్‌లో ఎరుపుకీ పసుపుకీ మధ్య ఏటవాలుగా ఒక గీత ఉంటుంది, స్కిన్ టోన్ లైన్ అంటారు. మన తెల్లవాళ్లూ నల్లవాళ్లూ చామనఛాయ వాళ్లూ అందరి చర్మమూ దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది, రంగు చిక్కదనం మారుతుంది గానీ దిక్కు పెద్దగా మారదు. ముఖం మీద ఒక చిన్న మాస్క్ వేసి చూడు. గీత దాటి పసుపు వైపు బాగా వెళ్తుంటే, అది మంగళస్నానం సీన్ కాకపోతే, తప్పు నీదే. మంగళస్నానం అయితే వదిలెయ్, పసుపు పసుపులాగే ఉండాలి, దాన్ని గీత మీదకి లాగితే పెళ్లికూతురు జబ్బుపడి లేచినట్టు ఉంటుంది. అలాగే ఆ చీర. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే ఆర్‌జీబీ పెరేడ్‌లో ఎరుపు పైకప్పుకి గుద్దుకుని చదునుగా ఉంటే, జరీ అంచు, చీర మడత అన్నీ ఒకే ఎర్ర ముద్ద అయిపోతాయి. ఎరుపు శాచురేషన్ ఒక్కదాన్నే తగ్గించి, కాస్త నల్లబరిస్తే మెరూన్ తిరిగి వస్తుంది. ఆ పెళ్లికూతురికి ఈ ఒక్క సీన్ మార్చి మళ్లీ పంపు, డబ్బులడక్కు.

ఇంకో చిన్న విషయం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కల్యాణమండపం లైట్లు మినుకుమినుకుమనకుండా నువ్వు 25 ఫ్రేముల్లో తీయిస్తుంటావు. మానిటర్ 60 హెర్ట్జ్‌లో ఉంటే 25 ఫ్రేములు దానిలో సమానంగా సర్దుకోవు, జిమ్మీ జిబ్ (క్రేన్) షాట్ కుదుపుగా కనబడుతుంది. కెమెరామన్‌ని తిట్టే ముందు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 50 హెర్ట్జ్ ఉందేమో చూసి దానికి మార్చి ఆడించు. చాలా 4కే మానిటర్లు ఒప్పుకుంటాయి.

మీ బావగారి విషయం. మానిటర్ తేవద్దని చెప్పు. అడాప్టర్లు చాలావరకు 240 వోల్టులకి పని చేస్తాయి, సమస్య అది కాదు. సూట్‌కేసుల మధ్య 27 అంగుళాల గాజు, రెండు విమానాలు మారడం, వచ్చాక ఒక మూల నల్ల మచ్చ కనబడితే ఏలూరులో ఎవర్ని అడుగుతావు? మానిటర్ ఇక్కడే బిల్లుతో, ఇక్కడి వారంటీతో కొను, డెడ్ పిక్సెల్ ఉంటే ఎన్ని రోజుల్లో మారుస్తారో బిల్లు మీద రాయించుకో. బావగారిని తెమ్మనాల్సింది కాలిబ్రేటర్. చొక్కా మడతలో పట్టేస్తుంది, పచ్చడి సీసాలు తిరిగి తీసుకెళ్లే బ్యాగులో చోటు కూడా అడగదు.

కొనడానికి విజయవాడ వెళ్లినా, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లినా ఒక పెన్‌డ్రైవ్ జేబులో వేసుకెళ్లు. అందులో మూడు ఫ్రేములు పెట్టు: నలుపు నుంచి తెలుపు దాకా సాగే బూడిద పట్టీ ఒకటి, ఆ మెరూన్ చీర గ్రేడ్ చేయని ఫ్రేము ఒకటి, అగ్నిహోత్రం వెలుగు తప్ప ఏమీ లేని చీకటి ఫ్రేము ఒకటి. షాపులో మానిటర్లన్నీ వెలుగు వందకి పెట్టి ఉంచుతారు. మెనూలోకి వెళ్లి ఎస్‌ఆర్‌జీబీ లేదా రెక్ 709 మోడ్ పెట్టమను, షోరూమ్ లైట్ ఒకటి ఆపమను. బూడిద పట్టీలో ఎక్కడైనా గులాబీయో ఆకుపచ్చో తొంగిచూస్తోందా చూడు. చీకటి ఫ్రేములో నాలుగు మూలలా వెలుగు కారుతోందా చూడు, ఐపీఎస్‌లో కొంచెం కారుతుంది, ఒక మూల మాత్రమే ఎక్కువగా ఉంటే వేరే పీసు తెరవమను. పక్కకి జరిగి, కాస్త కిందకి వంగి, చీర రంగు మారుతోందా చూడు. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వు. మధ్యాహ్నం రెండింటికి వెళ్తే రద్దీ ఉండదు.